అరువు పాత్రలు – ఆఖరి అధ్యాయం

పరుల కథను ఎత్తుకొని దీర్ఘంగా వ్రాసేవారి సాధకబాధకాలు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పని మొదలుపెట్టడానికే జంకేవారు, మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవారు, ఎన్ని అడ్డంకులు వచ్చినా చివరిదాకా నిలిచేవారు అని భర్తృహరి మనుషులను మూడు తెగలుగా విభజించాడు. ఏనుగు లక్ష్మణకవి పుణ్యమా అని ఆ పద్యం మనలో చాలామందికి హైస్కూలు నాటికే కంఠస్థం. ఈ మూడు తెగలలో రెండవ తెగ జనాభా ఏ రంగంలో ఎక్కువ అని ఎవరైనా అడిగితే, దీర్ఘ కథా రచనలో అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. అందులోనూ తమకు నచ్చిన మరొకరి కథను, పాత్రలను తీసుకొని కొత్తగా పెంచి వ్రాసేవారిలో మరీ ఎక్కువ. నోటు పుస్తకాల్లోనో, కంప్యూటర్లలోనో, టెలిఫోన్లలోనో "సశేషం" అన్న మాటతో నిలిచిపోయిన కథలకు అంతు లేదు.

ఈ రకం రచనను ఆంగ్లంలో పిలిచే ఫ్యాన్ ఫిక్షన్ అనే పేరే నేడు మన విద్యార్థులకూ అలవాటయింది. తెలుగులో "అభిమాన కల్పన" అనుకుందాం. దీన్ని మొదలుపెట్టడం ఎందుకు తేలిక, ముగించడం ఎందుకు కష్టం, ముగించినవారు ఎలా ముగించారు అన్న మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. అభిమాన కల్పన అంటే ఏమిటి?

ఒక రచయిత సృష్టించిన పాత్రలను, లోకాన్ని మరొకరు అభిమానంతో తీసుకొని, మూలంలో లేని సంఘటనలతో కొత్త కథ అల్లడమే అభిమాన కల్పన. ఇందులో డబ్బు ఆశ సాధారణంగా ఉండదు. అమెరికాలో 1966లో ప్రారంభమైన స్టార్ ట్రెక్ టెలివిజన్ ధారావాహిక అభిమానులు మరుసటి సంవత్సరమే, అంటే 1967లో, స్పాకనేలియా అనే పత్రికను స్వయంగా వెలువరించారు. ఇటువంటి రచనలను భద్రపరచే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే భాండాగారానికి 2019లో వైజ్ఞానిక కల్పనా సాహిత్య రంగంలో పేరెన్నికగన్న హ్యూగో బహుమానం లభించింది. కాబట్టి ఇదేదో పిల్లకాయల కాలక్షేపం అని కొట్టి పారేయడానికి వీల్లేదు.

మనకు మాత్రం ఇది కొత్తా? ముళ్ళపూడి వెంకటరమణగారు గురజాడవారి గిరీశాన్ని అరువు తెచ్చుకొని "గిరీశం లెక్చర్లు" ఇప్పించారు. బేతాళుణ్ణి రాజకీయాల్లోకి దింపి "రాజకీయ బేతాళ పంచవింశతి" నడిపించారు. ఓల్గాగారు రామాయణంలోని స్త్రీలను కొత్త చూపుతో కలిపి వ్రాసిన "విముక్త" కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. "చందమామ"వారైతే పాత బేతాళ కథల చట్రాన్ని తీసుకొని, అసలు కథలు అయిపోయాక కూడా అదే శవం, అదే మౌనభంగం, అదే చెట్టు పెట్టుకొని దశాబ్దాల తరబడి కొత్త కథలు కట్టించారు.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. పురాణ కథను తిరిగి చెప్పే కవికి భక్తి ఉంటుంది, ధర్మదృష్టి ఉంటుంది, ఆ కథ జాతి అందరి సొత్తు. సమకాలీన నవలలోని పాత్రను తీసుకునేవాడికి ఉండేది అభిమానం, ఆ పాత్ర మరొక వ్యక్తి సొత్తు. రెండూ ఒకటే అనడం పొరపాటు. అయినా, తాను పుట్టించని మనుషుల చేత తన కథ నడిపించి, దాన్ని ఒక ఒడ్డుకు చేర్చడమనే శ్రమ మాత్రం రెంటికీ సమానమే. అందుకే మన పాత కవుల నుంచి ఈ విషయంలో నేర్చుకోదగినది చాలా ఉంది.

2. మొదలు ఎందుకు తేలిక?

సొంత నవల వ్రాసేవాడు ముందు ఊరు కట్టాలి, అందులో మనుషుల్ని పెట్టాలి, వాళ్ళకు పేర్లు, మాటతీరు, కోపతాపాలు అన్నీ ఇవ్వాలి. పాఠకుడికి వాళ్ళ మీద మమకారం కుదిరేసరికి యాభై పేజీలు అయిపోతాయి. అభిమాన కల్పనలో ఈ ఖర్చంతా మూల రచయిత ముందే భరించి ఉంటాడు. "మధురవాణి మరునాడు పొద్దున్నే లేచింది" అని ఒక్క వాక్యం వ్రాస్తే చాలు, కన్యాశుల్కం చదివిన తెలుగువాడి కళ్ళకు ఆమె కట్టూబొట్టూ సహా కనిపిస్తుంది. వర్ణన అక్కర్లేదు, పరిచయం అక్కర్లేదు. ఇంకేముంది, రాసేద్దాం అనిపిస్తుంది.

మొదలుపెట్టించేది చాలాసార్లు ఒక అసంతృప్తి. "వాళ్ళిద్దరికీ పెళ్ళి కాకపోవడం అన్యాయం", "ఆ పాత్రను అలా చంపేయకూడదు", "ఆ తర్వాత ఏమయిందో చెప్పనేలేదు" అన్న బాధ పాఠకుణ్ణి రచయితను చేస్తుంది. మంచిదే. కానీ ఒక అసంతృప్తి నుంచి ఒక దృశ్యం పుడుతుంది, మహా అయితే పది పేజీల కథ పుడుతుంది. ముప్ఫై అధ్యాయాల గ్రంథం దానంతటది పుట్టదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

3. బండి ఎక్కడ ఆగుతుంది?

మొదటి కారణం, వెన్నెముక లేకపోవడం. మనుషులు అరువుకు దొరుకుతారు గాని కథకు కావలసిన సంఘర్షణ అరువుకు దొరకదు. మూలంలో వాళ్ళను నడిపించిన సమస్య అక్కడే తీరిపోయింది. అది తీరాక ఊరికే కలుసుకుని మాట్లాడుకునే పాత్రలు మూడు అధ్యాయాల దాకా ముచ్చటగా ఉంటాయి, నాలుగో అధ్యాయంలో విసుగు పుట్టిస్తాయి. ఆ విసుగు పాఠకుడి కన్నా ముందు వ్రాసేవాడికే పుడుతుంది.

రెండవ కారణం, ధారావాహికంగా ప్రకటించడం. ఈ తరహా కథలు వ్రాసిన అధ్యాయం వ్రాసినట్టే బయటికి వెళ్ళిపోతాయి. మొదటి చిత్తుప్రతే అచ్చుప్రతి అవుతుంది. ఆరో అధ్యాయంలో పొరపాటున ఒక పాత్రను ఊరు దాటించేస్తే ఇరవయ్యో అధ్యాయంలో ఆ పాత్ర అవసరపడినప్పుడు నాలుక కరుచుకోవాలి. ఇది వారపత్రికల్లో సీరియల్ వ్రాసిన నవలాకారులందరికీ తెలిసిన బాధే. పైగా ప్రతి అధ్యాయానికీ మెప్పు వెంటనే వస్తుంది. మొదటి పదింటికి వచ్చినంత మెప్పు పదకొండో దానికి రాకపోతే కలం కదలదు. కథ కోసం వ్రాయడం పోయి మెప్పు కోసం వ్రాయడం మొదలైతే, మెప్పు తగ్గిన రోజే కథ కూడా ఆగిపోతుంది.

మూడవ కారణం, మూలమే మారిపోవడం. మూల రచయిత ఇంకా వ్రాస్తున్న కథను పట్టుకుంటే ఈ ప్రమాదం ఉంది. హారీ పాటర్ నాలుగవ సంపుటం 2000లో, అయిదవది 2003లో వెలువడ్డాయి. నడుమనున్న మూడేళ్ళలో, తర్వాత ఏం జరిగి ఉంటుందో ఊహిస్తూ అభిమానులు ఎన్నో పెద్ద కథలు కట్టారు. అయిదవ సంపుటంలో రౌలింగ్ సిరియస్ పాత్రను చంపేసింది. ఆ పాత్ర చుట్టూ భవిష్యత్తు అల్లుకున్నవారి కథలన్నీ ఒక్క రోజులో మూలంతో పొసగకుండా పోయాయి. కొందరు తమ దారినే సాగారు. ఎందరో కలం పక్కన పెట్టేశారు.

నాలుగవ కారణం అందరికన్నా మనకు దగ్గరిది: వ్రాసేవాడు ఎదిగిపోవడం. ఇంటర్మీడియట్‌లో మొదలుపెట్టిన కథ డిగ్రీ ఆఖరి సంవత్సరానికి ఇరవయ్యో అధ్యాయానికి చేరిందనుకోండి. ఈలోగా ఆ అబ్బాయి లేదా అమ్మాయి వంద పుస్తకాలు చదివి ఉంటారు, అభిరుచి మారి ఉంటుంది. మొదటి అధ్యాయం తిరగేస్తే సిగ్గు వేస్తుంది. వెనక్కి వెళ్ళి దిద్దుదామంటే ముందుకు సాగదు, దిద్దకుండా సాగుదామంటే మనసొప్పదు. దానికి తోడు పరీక్షలు, ఉద్యోగాల వేట, ఇంటి బాధ్యతలు.

4. నిలిచినవారి నిదర్శనాలు

ఈ కష్టాలన్నీ నేటివి కావు. నన్నయభట్టు 11వ శతాబ్దంలో భారతాంధ్రీకరణకు పూనుకొని ఆది, సభాపర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి, ఆ అరణ్యపర్వ శేషం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు నిర్వహించాడు. అరణ్యపర్వాన్ని ముట్టుకుంటే కీడు కలుగుతుందన్న భయం లోకంలో ఉండేదని ఐతిహ్యం. కారణం ఏదైనా, మన పాఠం ఏమంటే, అడ్డుపడిన చోటే తల బాదుకుంటూ కూర్చోక ముందున్న భాగాన్ని పట్టుకుంటే మహాగ్రంథమైనా నడుస్తుంది.

మిగిలిన ఖాళీని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. ఆయన పద్ధతి చూడండి. నన్నయ గంటం శరత్కాల రాత్రుల వర్ణన దగ్గర ఆగింది. ఎఱ్ఱన అదే శరత్తులో ఉదయ వర్ణనతో ఎత్తుకున్నాడు. రాత్రి దగ్గర ఆగిన కథకు తెల్లవారింది. అంతేకాదు, తాను వేరే రాజుల ఆశ్రయంలో ఉండి కూడా ఆ భాగాన్ని నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడి పేరుతోనే నడిపాడు. శైలిని నన్నయ పోకడతో ఆరంభించి, రానురాను తిక్కన పోకడకు దగ్గరగా తెచ్చి ఇద్దరి మధ్యా వంతెన కట్టాడని విమర్శకులు మెచ్చుకుంటారు. ఇతరుల కథను ముగించేవాడికి కావలసిన వినయమూ, నేర్పూ రెండూ ఇక్కడ ఒకేచోట కనిపిస్తాయి.

పోతన భాగవతంలోనూ 5వ స్కంధం గంగన, 6వది ఏర్చూరి సింగన, 11, 12 స్కంధాలు వెలిగందల నారయ పూరించినవి. సంస్కృతంలో బాణభట్టు కాదంబరిని నడుమ విడిచి కన్నుమూస్తే ఆయన కుమారుడే పూర్తి చేశాడు. అన్నిసార్లూ ఇటువంటి కొడుకు దొరకడు. చార్లెస్ డికెన్స్ 1870లో మరణించేనాటికి "ఎడ్విన్ డ్రూడ్" నవల తలపెట్టిన 12 భాగాల్లో 6 మాత్రమే వ్రాశాడు. ఆ రహస్యం ఎలా విడుతుందో చెప్పడానికి నాటి నుంచీ ఎందరో ప్రయత్నించారు, ఏ ఒక్కటీ అందరికీ ఒప్పుదల కాలేదు.

అన్నిటికన్నా వింతైనది స్పెయిన్ ఉదంతం. సెర్వాంటిస్ "డాన్ కిహోతే" మొదటి భాగం 1605లో అచ్చయింది. రెండవ భాగం ఆలస్యమయింది. ఈలోగా 1614లో అవెల్యనేడా అనే మారుపేరుతో ఎవరో తామే రెండవ భాగం వ్రాసి అచ్చువేశారు. సెర్వాంటిస్ 1615లో తన రెండవ భాగం వెలువరించాడు. అందులో అతని కథానాయకుడు ఆ దొంగ పుస్తకం సంగతి విని, ఆ పుస్తకం అబద్ధమని రుజువు చేయడానికి తాను పోదలచిన జరగోజా పట్నానికి పోవడం మానేసి బార్సిలోనా దారి పడతాడు. చివరికి, ఇంకెవరూ ముట్టుకోకుండా ఉండాలని కాబోలు, సెర్వాంటిస్ అతణ్ణి మంచం మీద ప్రశాంతంగా చనిపోనిచ్చాడు. సరైన ముగింపు కథకు ఎంత రక్షణో దీనివల్ల తెలుస్తుంది.

మన విశ్వనాథవారి సంగతి మరో రకం నిదర్శనం. "వేయిపడగలు" బృహన్నవలను ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ కోసం, చెబుతూంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాయగా, 29 రోజుల్లో ముగించారని ప్రసిద్ధి. అదే చేయి "రామాయణ కల్పవృక్షా"నికి దాదాపు మూడు దశాబ్దాలు తీసుకుంది. నెల రోజులైనా ముప్ఫై ఏళ్ళయినా, ఆయన రెంటినీ ముగించారన్నదే మనకు ముఖ్యం. ఒకదాన్ని గడువు ముగించింది, రెండవదాన్ని నిష్ఠ ముగించింది.

నేటి అభిమాన కల్పనల్లోనూ నిలిచినవి లేకపోలేదు. హారీ పాటర్ లోకాన్ని తీసుకొని ఎలియెజర్ యుడ్‌కోవ్‌స్కీ వ్రాసిన "మెథడ్స్ ఆఫ్ రేషనాలిటీ" 2010లో మొదలై, నడుమ విరామాలతో, 2015లో 122 అధ్యాయాలుగా ముగిసింది. మొత్తం ఆరు లక్షల పైచిలుకు మాటలు!

5. ముగించడానికి ఉపాయాలు

పై నిదర్శనాల నుంచీ, పేరుపొందిన రచయితల అలవాట్ల నుంచీ మనం గ్రహించదగినవి క్రింద ఇస్తున్నాను.

(అ) ముందు చివర వ్రాయండి. ఆఖరి దృశ్యం ఒక పేజీ అయినా కాగితం మీద పెట్టుకోండి. తర్వాత మారినా ఫరవాలేదు. గమ్యం తెలిసిన బండి దారి తప్పినా మళ్ళీ దారికి వస్తుంది.

(ఆ) మూలంలో తీరిన సమస్యను కాక తీరనిదాన్ని పట్టుకోండి. "ఈ పాత్రకు ఇప్పుడు ఏం కావాలి? దానికి అడ్డు ఎవరు?" అన్న రెండు ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోతే, అది దీర్ఘ కథ కాదు. దాన్ని చక్కని చిన్నకథగా వ్రాసి ముగించండి. అదీ ముగింపే.

(ఇ) లెక్క వేసుకోండి. లక్ష మాటల కథ అంటే గుండె ఝల్లుమంటుంది. కానీ రోజుకు 300 మాటల చొప్పున వ్రాస్తే 334 రోజులు. ఆంటొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేసుకుంటూనే, తెల్లవారుజామున అయిదున్నరకు కూర్చొని, గడియారం ఎదురుగా పెట్టుకొని పావుగంటకు 250 మాటలు చొప్పున వ్రాసేవాడినని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఏ రోజు ఎన్ని పేజీలు అయ్యాయో దినచర్యలో వేసుకునేవాడు. స్ఫూర్తి కోసం కాచుకొని కూర్చునే మనవంటివారికి ఇది కొంచెం చేదు మందే.

(ఈ) అధ్యాయ పట్టీ ఉంచుకోండి. నెలనెలా భాగాలుగా నవలలు ప్రకటించిన డికెన్స్, ప్రతి భాగానికీ ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఒక పక్క తనకు తానే వేసుకునే ప్రశ్నలూ సందేహాలూ, మరొక పక్క అధ్యాయాల వరస వ్రాసుకునేవాడు. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరికి ఏ రహస్యం తెలుసు అన్నది కాగితం మీద ఉంటే ఆరో అధ్యాయం తప్పు ఇరవయ్యో అధ్యాయం దాకా రాదు.

(ఉ) నిలవ ఉంచుకొని వడ్డించండి. కనీసం అయిదారు అధ్యాయాలు చేతిలో ఉన్నాకే మొదటిది బయట పెట్టండి. పరీక్షల నెలలో ఆ నిలవే ఆదుకుంటుంది. వెనక్కి వెళ్ళి దిద్దుకునే వెసులుబాటూ ఉంటుంది.

(ఊ) వెనక్కి తిరిగి దిద్దడం ముగించాకే. మొదటి అధ్యాయం సిగ్గు కలిగిస్తోందంటే మీరు ఎదిగారన్నమాట. ఆ ఎదుగుదలను ఇరవయ్యో అధ్యాయంలో చూపించండి. ఎఱ్ఱన శైలి కూడా ఒకచోట మొదలై మరొకచోటికి చేరిందని మరవవద్దు.

(ఋ) నిజంగానే సాగదని తేలితే, పాఠకుల్ని గాలిలో వదలక, మిగిలిన కథను రెండు పేజీల్లో చెప్పి సెలవు తీసుకోండి. ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారికి ఆ రెండు పేజీలే పదివేలు.

మరొక్క హెచ్చరిక. మన దేశంలో గ్రంథస్వామ్యం రచయిత జీవితకాలమూ, ఆయన మరణానంతరం 60 ఏళ్ళూ ఉంటుంది. 1915లో మరణించిన గురజాడవారి గిరీశాన్ని మీరు ఇష్టం వచ్చినట్టు ఊరేగించవచ్చు. జీవించి ఉన్న రచయితల పాత్రలతో వ్యాపారం చేయబోతే చిక్కులు వస్తాయి. "ట్విలైట్" అభిమాన కల్పనగా పుట్టిన ఇ. ఎల్. జేమ్స్ నవల కూడా పేర్లు మార్చుకున్నాకే "ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే"గా అంగట్లోకి వచ్చింది.

6. ఎందుకీ శ్రమ?

"ఇంత కష్టపడేవాడు సొంత కథే వ్రాసుకోరాదా?" అని మా అధ్యాపక మిత్రులు కొందరు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈత నేర్చుకునేవాడు ముందు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకున్నట్టు, పాత్రలు అరువు తెచ్చుకున్నవాడికి నిర్మాణం, సంభాషణ, కాలగమనం నేర్చుకునే వీలు చిక్కుతుంది. అయితే ఆ లాభం ముగించినవాడికే. పది మొదళ్ళు వ్రాసినవాడికి మొదళ్ళు వ్రాయడమే వస్తుంది. నడుమ ఎలా నిలబెట్టాలో, ముడి ఎలా విప్పాలో, పాత్రల దగ్గర ఎలా సెలవు తీసుకోవాలో ఒక్క కథ పూర్తి చేసినవాడికే తెలుస్తుంది. అది ఏ గురువూ పాఠంగా చెప్పగలిగింది కాదు.

రెండవది పాఠకుడి పట్ల ధర్మం. ఒక అధ్యాయం బయట పెట్టామంటే చదివేవాడికి ఒక మాట ఇచ్చామన్నమాట. వాడు తన సాయంత్రాలను మన చేతిలో పెట్టాడు. మనకు డబ్బు ఇవ్వలేదు గనుక బాకీ లేదనడం చెల్లదు. సమయం డబ్బు కన్నా ఖరీదైనది.

ముగింపు

నన్నయ ఆపినచోట నుంచి మళ్ళీ కథ కదలడానికి తెలుగు జాతి రెండు వందల ఏళ్ళు, పూర్తిగా అతుకు కుదరడానికి మరికొన్ని దశాబ్దాలు కాచుకుంది. మన కథల కోసం అంతకాలం ఎవరూ కాచుకోరు, వాటిని ముగించడానికి ఎఱ్ఱనలూ రారు. కనుక విద్యార్థి మిత్రులారా, మీ పెట్టెల అడుగున, మీ యంత్రాల మూలల్లో సశేషంగా పడి ఉన్న కథ ఒకటి ఉంటే, ఈ సెలవుల్లో కొత్తది మొదలుపెట్టకండి. పాతదాన్ని బయటికి తీసి, దాని ఆఖరి పేజీ ముందు వ్రాయండి. ఆ తర్వాత రోజుకు 300 మాటలు. వచ్చే ఏడు ఈ సంచిక మళ్ళీ మీ చేతికి వచ్చేసరికి, మీ కథ అడుగున "సశేషం" తీసేసి "సమాప్తం" అని వ్రాసుకోవచ్చు.